తోక కనపడని ముడి

కార్ఖానా నుంచి
జూన్ 3

అక్కా,

కుశల ప్రశ్నలు చివర్లో అడుగుతాను. ముందు ఒక సంగతి తేలాలి.

నిన్న మీ లైబ్రరీ నుంచి పెట్టె వచ్చింది. నువ్వు జ్వరంతో సెలవులో ఉన్నావనీ, కప్పు కారి ముందు బీరువాలో నాలుగు పుస్తకాలు తడిశాయనీ, అధ్యక్షులవారు వెంటనే అట్టలు మార్పించమన్నారనీ మీ అటెండరు చీటీ పెట్టాడు. ఎనిమిదేళ్లుగా మీ పుస్తకాలకి బైండు కడుతున్నాను. నీ చేతిమీదుగా కాకుండా వచ్చిన పెట్టె ఇదే మొదటిది.

నాలుగూ నాలుగు రకాలు. ఒకటి రేవు ఊళ్ళో ఉండే అక్కచెల్లెళ్ళ నవల. ఇద్దరూ ఒకే ఓడ కెప్టెన్ని ప్రేమించి, ఇద్దరూ వద్దనుకుంటారు. ఎందుకో నాకు అర్థం కాలేదు, నూట పన్నెండో పేజీ దగ్గర బంక ఆరిపోతోందని ఆపేశాను. రెండోది సైకిలు మీద ఎడారి దాటినాయన యాత్ర. మూడోది చిన్న కొట్టును పెద్దది చేసుకోవడం ఎలాగో చెప్పే వ్యాపార పుస్తకం. రాసినాయన సొంత కొట్టు మూతపడిన సంగతి చివరి అధ్యాయంలో తీరిగ్గా బయటపెట్టాడు. నాలుగోది చీమల మీద సైన్సు పుస్తకం.

నిరుడు చలికాలంలో ఈ నాలుగింటినీ కట్టి పంపింది నేనే. అట్టలు నావి, వాటి మీద వేసిన కాలికో గుడ్డ నాది, లోపల అంటించిన చీటీ నాది. తడిసిన అట్టలు ఊడదీశాను. చూస్తే లోపలి కుట్టు నాది కాదు. ఎవరో నా పుస్తకాలు విప్పి, పేజీలన్నీ మళ్ళీ కుట్టి, తిరిగి నా అట్టల్లోనే పెట్టి, ఏమీ ఎరగనట్టు మూసేశారు.

నీకు తెలియకుండా ఆ లైబ్రరీలో కుర్చీ కూడా కదలదు కదా. ఎవరు వాళ్ళు?

అమ్మ బాగానే ఉంది. నీ జ్వరం తగ్గిందా?

తమ్ముడు


లైబ్రరీ
జూన్ 10

ఒరేయ్ తమ్ముడూ,

జ్వరం తగ్గింది. నీ ఉత్తరం చదివాక మళ్ళీ వస్తుందేమో అనిపించింది. అటెండరుకి చీవాట్లు పెట్టాను. నేను లేనప్పుడు పెట్టె ఎందుకు పంపావంటే, అధ్యక్షులవారు నెత్తిన కూచున్నారండీ అన్నాడు. ఆయన సంగతి నీకు చెప్పాను కదా. సర్వే ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. జేబులో స్కేలు లేకుండా బయటికి రాడు. పాఠకులు ఆయనకి కొలబద్ద అని పేరు పెట్టారు. వచ్చిన దగ్గర్నుంచీ బీరువాకీ గోడకీ మధ్య దూరం కొలుస్తూనే ఉన్నాడు.

గుమ్మం ఎదురుగా ఉన్న బీరువా నాది. దాన్నింకా ఎవరూ కొలవలేదు. దాంట్లో పన్నెండే పుస్తకాలు పెడతాను. మూడు కథలవి, మూడు యాత్రలవి, మూడు వ్యాపారానివి, మూడు సైన్సువి. నవల కోసం వచ్చినవాడు చీమలతో ఇంటికి వెళ్ళాలన్నది నా పంతం. చాలామంది వెళ్తున్నారు కూడా. అందుకే ఆ పన్నెండూ మిగతావాటికంటే తొందరగా నలుగుతాయి. నలిగిన పుస్తకాన్ని విప్పి చూస్తే ఎవరి కుట్టైనా కొత్తగానే కనిపిస్తుంది. నువ్వు ఏడాదికి వందల పుస్తకాలు కడతావు. అన్నిటిలోనూ నీ కుట్టు నీకు గుర్తుంటుందా?

కాబట్టి బుర్ర పాడుచేసుకోకుండా అట్టలు వేసి పంపించు. కుట్టు జోలికి మాత్రం వెళ్ళకు. బాగానే ఉంది కదా, విప్పడం దేనికి? కొలబద్ద ఈమధ్య మెషీను మీద పుస్తకాలు కట్టే ప్రెస్సు వాళ్ళతో మాట్లాడుతున్నాడు. వాళ్ళు దారం వాడరు, పుస్తకం వెన్ను కోసి జిగురు పూస్తారు, అంతే. ఇలాంటప్పుడు నువ్వు ఆలస్యం చేస్తే ఆయనకి సాకు దొరుకుతుంది.

నీ ఉత్తరంలో అక్షరాలు వంకరపోతున్నాయి. కలం మార్చావా? ఒంట్లో బాగుంటోందా?

అక్క


కార్ఖానా నుంచి
జూన్ 21

అక్కా,

కలం మార్చాను. నా అక్షరాల సంగతి పక్కన పెట్టు. నేను ఎవరు అని అడిగాను, నువ్వు కొలబద్ద పురాణం చెప్పావు. మాట దాటేయడంలో నిన్ను మించినవాళ్ళు లేరు. కుట్టు జోలికి వెళ్ళకు అన్నావు చూడు, అక్కడే నాకు అనుమానం గట్టిపడింది. ఎనిమిదేళ్లలో ఆ మాట ఎప్పుడైనా అన్నావా?

మొదటి ఉత్తరంలో నేను కూడా ఒకటి దాచాను. ఇప్పుడు చెప్తున్నాను. కూర్చుని చదువు.

ఆ నాలుగు పుస్తకాల్లోనూ చివరి ముడి నాన్నది.

పుస్తకం కుట్టడం అయ్యాక అందరూ దారాన్ని రెండుసార్లు ముడేసి కత్తిరిస్తారు. చిన్న తోక మిగులుతుంది, వెన్ను మీద వేలు పెడితే తగులుతుంది. నాన్న దారాన్ని వెనక కుట్టు కిందినుంచి తెచ్చి, రెండు పాయలుగా విడదీసి, వాటిని ఒకదానికొకటి ముడేసి, కొసల్ని పేజీల మడతలోకి తోసేసేవాడు. ఎంత తడిమినా తోక దొరకదు. ఈ ముడి నాకూ నాన్నకూ తప్ప ఇంకెవరికీ రాదు. ఎవరికీ చూపించకూడదని నా చేత ఒట్టు కూడా వేయించుకున్నాడు. పైగా నా ముడి కుడివైపుకి వాలుతుంది, నాన్నది ఎడమకి. పక్కపక్కన పెడితే నిద్రలో కూడా చెప్పగలను. ఈ నాలుగూ ఎడమకే వాలాయి.

నాన్న కాలికో గుడ్డ కొనడానికి వెళ్ళి పంతొమ్మిదేళ్లు. పడవ తిరగబడిందన్నారు. పదకొండుమంది దొరికారు, నాన్న దొరకలేదు. దొరకని మనిషిని పోయాడని మనమే అనుకున్నాం. ఎవరు చూశారు? బతికి బయటపడి, ఏ కారణం చేతో మన దగ్గరికి రాలేక, ఎక్కడో ఒకచోట ఉంటున్నాడేమో. ఆ చోటు మీ ఊరే ఎందుకు కాకూడదు?

ఇంకో సంగతి. ఈ నాలుగు పుస్తకాలూ ఒక్క మనిషి చదివేవి కావు. నవలలవాళ్ళకి వ్యాపారం పట్టదు, చీమలవాళ్ళకి సైకిలు పట్టదు. నాన్నకి అన్నీ పట్టేవి. కుడుతూ కుడుతూ ఏది చేతిలో ఉంటే అది చదివేవాడు. చదివే పుస్తకం ఊడిపోయి ఉంటే ఊరుకోలేడు, సూది తీసి కుట్టేస్తాడు. అది ఆయన తత్వం.

ఈ నాలుగూ ఎవరు తీసుకెళ్ళారో రిజిస్టరు చూసి రాయి. అమ్మకి ఇంకా చెప్పలేదు.

తమ్ముడు


లైబ్రరీ
జూలై 2

తమ్ముడూ,

సభ్యుల పేర్లు బయటివాళ్ళకి చెప్పకూడదని నియమం. ఎవరు ఏం చదువుతున్నారన్నది వాళ్ళకీ లైబ్రరీకీ మధ్య ఉండాల్సిన సంగతి. నువ్వు నా తమ్ముడివైనా ఇందులో బయటివాడివే.

ముడి వాలడం గురించి రాశావు. పుస్తకాన్ని ప్రెస్సులో పెట్టి బిగిస్తే ముడి ఎటైనా వాలవచ్చు. నీ చేతులకి ఆ ముడి అలవాటే. ఏదో ధ్యాసలో వేసి మరిచిపోయి ఉంటావు. వేయలేదని అంత గట్టిగా ఎలా చెప్పగలవు?

అమ్మకి మాత్రం ఒక్క ముక్క కూడా చెప్పకు. నా మాట విను. ఆవిడ పంతొమ్మిదేళ్లకి కాస్త నిద్రపోవడం నేర్చుకుంది. నీ అనుమానం నీ దగ్గరే ఉంచుకో, పుస్తకాలు పంపించు.

అక్క


కార్ఖానా నుంచి
ఆగస్టు 6

అక్కా,

నీ ఉత్తరం పన్నెండు సార్లు చదివాను. ఇన్నేళ్ళలో నువ్వు ఇంత పొడిగా ఎప్పుడూ రాయలేదు. ఒరేయ్ అని కూడా అనలేదు. నాన్న పేరెత్తితే నువ్వు ఏడవాలి, లేదా నీకు పిచ్చెక్కిందిరా అని నవ్వాలి. రెండూ చేయకుండా నియమాలు చెప్పావంటే నీకు ఏదో తెలుసు.

బయటివాడినన్నావు కాబట్టి బయటివాడిలాగే కనుక్కున్నాను. మీ అటెండరుకి రాశాను. అతన్ని ఏమీ అనకు, పుస్తకాలు మళ్ళీ తడవకుండా ఎక్కువ వాడేవాళ్ళెవరో తెలియాలని అబద్ధం చెప్పాను. పాపం నమ్మాడు. ఆ నాలుగు పుస్తకాలూ మూడు నెలల్లో వరసగా తీసుకెళ్ళిన మనిషి ఒక్కడే ఉన్నాడు. బస్సులు ఆగే చోట వాచీలు బాగుచేసే ముసలాయన. ఒక్కడే ఉంటాడట. ఎక్కడినుంచి వచ్చాడో ఎవరికీ తెలియదట. ప్రతి ఆదివారం పదింటికల్లా లైబ్రరీకి వస్తాడట. ఎడమ చూపుడు వేలు చూసి చెప్పమన్నాను. కొస లేదని రాశాడు. నాన్న వేలు కొస కాగితాలు కోసే కత్తికి ఎలా పోయిందో నీకు గుర్తు చేయక్కర్లేదు, కట్టు కట్టింది నువ్వే.

అక్కా, నిన్ను సూటిగా అడుగుతున్నాను. నాన్న అక్కడ ఉన్నాడని నీకు ఎప్పటినుంచి తెలుసు? చెప్పొద్దని ఆయనే అన్నాడా? మామీద కోపమా? నామీదా? ఆ గుడ్డ కొనడానికి వెళ్ళాల్సింది నేను. జ్వరం నటించి పడుకుంటే నా బదులు ఆయన వెళ్ళాడు. ఈ సంగతి ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. నీకు చెప్పేసి ఉంటాడు.

వేయలేదని అంత గట్టిగా ఎలా చెప్పగలవని అడిగావు. చెప్తాను. రెండేళ్లుగా నాకు ఆ ముడి పడటం లేదు. కుడిచేతి బొటనవేలికీ రెండు వేళ్ళకీ స్పర్శ తెలియడం లేదు. మణికట్టు దగ్గర నరం నలిగిపోయిందని డాక్టరు చెప్పాడు, ఆపరేషన్ చేసినా పాత చెయ్యి వస్తుందని మాట ఇవ్వలేనన్నాడు. దారాన్ని రెండు పాయలు చేయబోతే సూది జారి కింద పడుతుంది, పడిందని కూడా నాకు తెలియదు. మామూలు ముడి వేసి నెట్టుకొస్తున్నాను. కాబట్టి ఆ ముడి నేను వేసి మరిచిపోయానన్న మాట ఇంక అనకు.

అమ్మకి చెప్పేశాను. పెట్టె తెరిచి నాన్న చొక్కాలు రెండు తీసి, వెలుతురుకి పట్టుకుని చిల్లులు ఉన్నాయేమో చూసింది. ఒకదానికి గుండీ లేకపోతే కుట్టింది. ఇరవై నాలుగో తారీకు ఆదివారం ఇద్దరం వస్తున్నాం. టిక్కెట్లు తీశాను. పదింటికి మీ లైబ్రరీ మెట్ల దగ్గర ఉంటాం. అమ్మ ఆ ముసలాయన్ని చూస్తే చాలు, ఇంకెవరినీ ఏమీ అడగనక్కర్లేదు.

తమ్ముడు


లైబ్రరీ
ఆగస్టు 11

ఒరేయ్ నాన్నా,

రావద్దు. అమ్మని తీసుకుని ఆ మెట్లు ఎక్కవద్దు. ఈ ఉత్తరం రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను, ఇరవై నాలుగో తారీకు లోపల నీకు అందాలి.

వాచీలాయన నాన్న కాదు. ఆయన వేలు చిన్నప్పుడు తలుపు సందులో పడిందట. అటెండరుకి తెలియదు గానీ, ఆయన అక్క ఊళ్ళోనే వేరే ఇంట్లో ఉంది, కాళ్ళు నొప్పులు కాబట్టి బయటికి రాదు. ఆవిడ కోసమే రకరకాల పుస్తకాలు తీసుకెళ్తాడు. నవల ఆవిడే చదువుకుంటుంది, మిగతావి ఆయన చదివి వినిపిస్తాడు. నీ ఉత్తరం వచ్చాక నిన్న ఆదివారం నేను కూడా, నాన్న పోలికేమోనని, ఆయన చెవుల వైపు అరగంట చూశాను. నిజం తెలిసినదాన్ని నేను, అయినా చూశాను. నాన్నవి కావు.

ఆ నాలుగు పుస్తకాలూ కుట్టింది నేను.

రెండేళ్ల కిందట నువ్వు కట్టి పంపిన యాత్రా పుస్తకాన్ని ఒక టీచరమ్మ రెండు ముక్కలుగా తెచ్చి నా బల్ల మీద పెట్టింది. కొలబద్ద అప్పుడే మెట్లెక్కుతున్నాడు. చీర కొంగులో చుట్టి స్టోరు గదిలోకి తీసుకెళ్ళి విప్పి చూశాను. కుట్లు ఒకటి బిగుతు, ఒకటి వదులు. మధ్యలో దారం పేజీని కోసేసింది. నీ కుట్టు అలా ఉండదు. తాగి కుట్టావేమో అని కూడా అనుకున్నాను, క్షమించు. తర్వాత అమ్మకి ఒంట్లో బాగాలేదని వచ్చినప్పుడు నువ్వు నీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకోవడం చూశాను. చెయ్యి ఎలా ఉందిరా అంటే ఈ మధ్య దారం నాసిగా వస్తోందన్నావు. నువ్వు చెప్పదలుచుకోలేదు కాబట్టి నేను అడగడం మానేశాను. అది నా మొదటి తప్పు.

నువ్వు పంపిన పెట్టె వస్తే, పొద్దున్నే ఏడింటికి తాళం తీసి, లైబ్రరీ తెరిచేలోపు స్టోరు గదిలో కూర్చుని వదులుగా ఉన్నవాటిని విప్పి కుట్టేదాన్ని. నీ అట్టలే మళ్ళీ వేసేదాన్ని. నీకు నాలుగే కనిపించాయి. ఇప్పటికి ముప్పై ఒకటి కుట్టాను. కొలబద్దకి తెలిస్తే పని మెషీనువాళ్ళకి పోతుంది, పని పోయిందని తెలిస్తే నువ్వు మంచం పడతావు. నా ఆలోచన అంతవరకే. ముడి సంగతి నాకు తట్టనే లేదు. నా వేళ్ళు వాటంతటవే వేశాయి.

నాకు ఎవరు నేర్పారని అడుగుతావు. ఎవరూ నేర్పలేదు. నేనూ కుడతాను నాన్నా అంటే, నీకెందుకమ్మా వేళ్ళు పొడుచుకుంటావు, దారానికి మైనం రాసివ్వు చాలు అన్నాడు. ఆరేళ్ళు ఆయన పక్కన కూర్చుని మైనం రాశాను. నువ్వు బల్లకి అవతల ఎదురుగా కూర్చుని నేర్చుకున్నావు. నీకు అంతా తిరగబడి కనపడేది, అందుకే నీ ముడి అటు వాలుతుంది. నేను పక్కన ఉన్నాను కాబట్టి నాన్న చేతులు ఎలా కదిలితే నాకు అలాగే కనపడేవి.

నీ రెండో ఉత్తరం రాగానే ఇదంతా రాసేయాల్సింది. కాగితం ముందు పెట్టుకున్నాను కూడా. రాస్తే నీ చెయ్యి సంగతి నాకు తెలుసని నీకు తెలిసిపోతుంది. రాయకపోతే నాన్న బతికున్నాడన్న ఆశ నీలో ఇంకో నెల ఉంటుంది. రెండోది తేలిక అనిపించింది. అమ్మ చొక్కాకి గుండీ కుట్టిందని చదివాక, నేను చేసింది ఎంత పాపపు పనో తెలిసింది.

జ్వరం నటించావన్న సంగతి నాకు ఎప్పుడో తెలుసు. నాన్నకి కూడా తెలుసు. వాడికి ఇవాళ పడవెక్కాలని లేదులే, నాకే గాలి మార్పు కావాలి అని నాతో చెప్పి నవ్వుతూ వెళ్ళాడు. ఈ మాట పంతొమ్మిదేళ్ల కిందే నీకు చెప్పి ఉండాల్సింది. నువ్వు లోపల దాన్ని మోస్తున్నావని నాకు తెలియలేదు.

అక్క


కార్ఖానా నుంచి
ఆగస్టు 19

నీ ఉత్తరం అందింది. టిక్కెట్లు రద్దు చేశాను.

అమ్మకి చదివి వినిపించాను. రెండేళ్లుగా నేను చేసిన పనికి నువ్వు వెనక నుంచి మాట్లు వేస్తుంటే, నేను ఇక్కడ కూర్చుని మీ లైబ్రరీకి నా పని ఎంత నచ్చుతోందో అని మురిసిపోతున్నాను. అడిగి ఉంటే చెప్పేవాణ్ణేమో. చెప్పేవాణ్ణి కాదేమో కూడా.

ఇంక నాకు పెట్టెలు పంపకు. మెషీనువాళ్ళకే ఇచ్చుకో. ఉత్తరాలు కూడా కొన్నాళ్ళు రాయకు.


లైబ్రరీ
సెప్టెంబరు 9

తమ్ముడూ,

రాయవద్దన్నావు, రాస్తున్నాను. కోపం ఉంటే చదవకుండా అమ్మకి ఇచ్చేయి.

లైబ్రరీ కమిటీ సమావేశంలో నేనే లేచి నిలబడి అంతా చెప్పేశాను. మా తమ్ముడి చెయ్యి బాగాలేదు, రెండేళ్లుగా వాడి పేరు మీద పుస్తకాలు కుడుతున్నది నేను, చెప్పకుండా చేసినందుకు ఏ శిక్ష వేసినా సరే అన్నాను. కొలబద్ద ఒక పుస్తకం విప్పించి, స్కేలు తీసి, కుట్టుకీ కుట్టుకీ మధ్య దూరం కొలిచాడు. ఒకటి కొలిచి, రెండోది కొలిచి, వరసగా పదిహేను కొలిచాడు. తర్వాత కళ్ళజోడు తీసి, ఇంత సమంగా కుట్టిన మనిషి దొంగలా స్టోరు గదిలో ఎందుకు కూర్చోవాల్సి వచ్చిందమ్మా అని అడిగాడు.

మామూలు పుస్తకాలు మెషీనుకే వెళ్తాయి. అది ఆగలేదు. గుమ్మం ఎదురుగా ఉన్న పన్నెండు మాత్రం చేత్తో కట్టాలనీ, ప్రతి మూడు నెలలకీ కొత్త పన్నెండు మారాలనీ తీర్మానం చేశారు. ఎవరు కట్టాలో రాసే చోట ఖాళీ వదిలారు. ఆ ఖాళీలో నీ పేరు రాయమని నేను అడగలేదు. నీ తరఫున నీకు చెప్పకుండా ఇంక ఏ పనీ చేయను.

ఈసారి పన్నెండూ ఎంపిక చేసి, పాత అట్టలు ఊడదీసి మూటకట్టి పెట్టాను. ఎక్కడికీ పంపలేదు.

అక్క


కార్ఖానా నుంచి
సెప్టెంబరు 28

అక్కా,

ఉత్తరం అమ్మకి ఇవ్వలేదు, నేనే చదివాను.

అమ్మ సంగతి చెప్తాను. ఆ రోజు నీ ఉత్తరం విన్నాక చొక్కాలు రెండూ మడతపెట్టి పెట్టెలో పెట్టేసింది. రెండు రోజులు తన గదిలోంచి బయటికి రాలేదు. నాన్న పోయిన వారం కూడా ఆవిడ అలా పడుకోలేదు, అప్పుడు మనిద్దరికీ వండి పెట్టింది. మూడో రోజు మెట్లు దిగి కార్ఖానాలోకి వచ్చి నాన్న బల్ల దగ్గర కూర్చుంది. నేను ఆవిడ వైపు చూడలేక అట్టలు కోస్తున్నట్టు నటించాను. నన్ను ఒక్కటే అడిగింది.

"దానికి కుట్టడం ఎవరు నేర్పార్రా?"

ఎవరూ నేర్పలేదట, పక్కన కూర్చుని చూసిందట అన్నాను.

"మరి ఆరేళ్ళపాటు అక్కడ కూచుని అదేం చేస్తోందనుకున్నావు?"

నిజంగానే నేను ఏమీ అనుకోలేదు. నువ్వు అక్కడ కూర్చునేదానివన్న సంగతే నాకు సరిగ్గా గుర్తు లేదు. నాన్న గుర్తున్నాడు, నేను గుర్తున్నాను. మధ్యలో దారం ఎక్కడినుంచి వచ్చి చేతికందేదో ఎన్నడూ ఆలోచించలేదు. అమ్మ, తను కూడా చూడలేదనీ, వంటింట్లోంచి పిలిస్తే నువ్వు పలకకపోతే తిట్టడం ఒక్కటే గుర్తుందనీ చెప్పి ఏడ్చింది. అప్పుడు నేను కూడా ఏడ్చాను.

నా పాత ఉత్తరాల్లో ఏం రాశానో తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఈ ముడి నాకూ నాన్నకూ తప్ప ఇంకెవరికీ రాదు అని ఎంత ధీమాగా రాశాను! నిన్ను నేను చాలా అనుమానించాను అక్కా. మాట దాటేస్తున్నావని అనుమానించాను, నాన్నని దాచావని అనుమానించాను, అబద్ధాలు ఆడుతున్నావని అనుమానించాను. ముక్కూ మొహం తెలియని వాచీలాయన్ని తండ్రిని చేసుకోబోయాను. నీళ్ళలో పోయిన మనిషి లేచి వచ్చి పుస్తకాలు కుడుతున్నాడంటే నమ్మాను. మా అక్క కుట్టి ఉంటుందేమోనన్న అనుమానం మాత్రం ఒక్కసారి కూడా రాలేదు.

ఆ పన్నెండు పుస్తకాల మూట పంపించకు, నువ్వే పట్టుకుని రా. పేజీలు సర్దడం, అట్టలు కోయడం, గుడ్డ వేయడం నా చేతికి ఇంకా వచ్చు. కుట్టుపని నీది. మీ కమిటీవాళ్ళు వదిలిన ఖాళీలో ముందు నీ పేరు రాయించు, చోటు మిగిలితే నాది రాయించు. అమ్మ నాన్న బల్లని కిటికీ దగ్గరికి జరిపించింది, నీకు వెలుతురు బాగుంటుందట. వచ్చేటప్పుడు సూదులు నువ్వే తెచ్చుకో. ఇక్కడున్నవన్నీ నేను వంచేశాను.

తమ్ముడు